అక్క మానేసిన వేడి మాత్ర

ఇందులో రాసిన ప్రతి అక్షరమూ నిజం. కల్లంలో ఆరబోసిన మిరపకాయల్లో మోచేతి దాకా చెయ్యి ముంచి ప్రమాణం చేస్తున్నాను. నమ్మకం కుదరకపోతే అదే చేత్తో కళ్ళు నులుముకోమనండి, నులుముకుంటాను. ఇంత గట్టిగా ఎందుకు చెప్పుకోవలసి వస్తోందంటే, నరసరావుపేటలో నేను జంతుశాస్త్రం చెప్పే జూనియర్ కాలేజీలో నా పేరు అంత మంచిది కాదు. "సార్ ఏం చెప్పినా సగం కొట్టేసి రాసుకోండిరా" అని వెళ్ళిపోయే బ్యాచి వచ్చే బ్యాచికి నేర్పి మరీ పోతుంది. కృష్ణలో ఈదుతూ పోయి తెలంగాణ ఒడ్డు చేపతో కాసేపు మాట్లాడి వచ్చానని ఒకసారి అన్న మాట వాస్తవమే. అది పాఠం. ఇది మా అక్క సంగతి.

అక్క నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. గురజాల దగ్గర ఒక ఊళ్ళో బావతో కలిసి మిరప పండిస్తుంది. రెండేళ్ళ కిందట ఆవిడకు నోట్లో పుండ్లు లేచాయి. తరవాత వీపు మీద నీటి బొబ్బలు. ఊళ్ళోవాళ్ళు వేడి పొక్కులన్నారు. సబ్జా గింజలు తాగించారు, బార్లీ నీళ్ళు తాగించారు, నెత్తిన ఆముదం పెట్టారు. బొబ్బలు చితికాయి, కొత్తవి లేచాయి. కారం పండించే మనిషి మూడు నెలలు చప్పిడి పెరుగన్నం తిన్నది. ఆ పెరుగు కూడా మండుతోందని కంచం ముందు కూర్చుని ఏడ్చినప్పుడు నేను నరసరావుపేటకు తీసుకొచ్చాను.

పేటలో చర్మం డాక్టరమ్మ చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది. చర్మకణాలను ఒకదానికొకటి అంటించి ఉంచే జిగురు మీద ఒళ్ళే తిరగబడే జబ్బట. స్టెరాయిడ్ మాత్రలు రాసింది. అక్క బయట చెప్పులు వేసుకుంటూ ఉండగా నన్ను వెనక్కి పిలిచి, "ఇవి ఒక్కసారిగా మానకూడదు. నేనే మెట్టు మెట్టుగా తగ్గిస్తాను. ఆమెకు అర్థమయ్యేలా మీరు చెప్పండి, మేస్టారు గదా" అంది. తల ఊపాను.

కొన్ని వారాలకు అక్క ఫోన్ చేసింది. "ఒరేయ్, గోంగూర పచ్చడి తిన్నానురా! నోరు మండింది. పుండు మంట కాదురా, కారం మంట!" ఆ గొంతులో సంతోషం విని నేను స్టాఫ్ రూములో కిటికీ వైపు తిరిగాను.

మాత్రలు మేలు చేశాయి, ఊరికే చెయ్యలేదు. అక్క ముఖం బూరెలా ఉబ్బింది. ఆకలి పెరిగింది. మధ్యాహ్నం నడుం వాల్చినా కన్ను మూతపడదు. మార్చిలో నేను వెళ్ళేసరికి కల్లంలో ఆడవాళ్ళు రంగు పోయిన తాలు కాయలు ఏరుతున్నారు. అక్క గొడుగు కింద కూర్చుని నన్ను చూడగానే అడిగింది.

"ఏరా, ఇంత బిళ్ళ కడుపులో వేసుకుంటే మూతి ఎట్టా మానిద్ది? ముఖమెందుకు వాచిద్ది? నువ్వు చదువుకున్నావుగా, చెప్పు."

గోనెసంచి మీద కూర్చున్నాను. శ్రోతలు పదిమంది. నాకింతకంటే ఏం కావాలి?

"ఈ మాత్ర మందు ఒక హార్మోను. మిగతా హార్మోన్లు చానావరకు కణం గోడ దగ్గర నిలబడి తలుపు కొడతాయక్కా. ఇది నూనెలో కరిగే జాతి. గోడలోంచే దూరి లోపలికి పోతుంది. లోపల దానికోసం ఒక ప్రొటీన్ కాసుక్కూచుంటుంది. గ్రాహకం అంటారు దాన్ని. దానికి ఒక చివర రొంటిన దోపుకునే సంచి లాంటి గుంట. మాత్ర మందు అందులో సరిగ్గా ఇమిడి కూర్చోగానే సంచి మూతి మడతపడిద్ది. దాని నడుం దగ్గర రెండు వేళ్ళు. ఒక్కో వేలు వంకర పోకుండా ఒక జింకు పరమాణువు పట్టుకుని ఉంటుంది."

"జింకా? వరికి చల్లే జింకేనా?" అంది అక్క.

"ఆ జింకే."

"అయితే జింకు లేక వరికొచ్చే ఆకుమచ్చ వదినకి రాదులే సారూ," అని ఒకామె అనగానే కల్లమంతా గొల్లుమని నవ్వింది.

"రెండో చివర వదులుగా వేలాడుతుంటుంది. పక్క ప్రొటీన్లను పనిలోకి పిలిచేది అదే. మందు ఎక్కిన గ్రాహకం కణం నడిమింట్లోకి, అంటే జన్యువులున్న చోటికి పోయిద్ది. అక్కడ జంట పోగుల మీద కోట్ల అక్షరాల రాత. ఆ వేళ్ళతో తడుముకుంటూ ఒకే ఒక్క స్పెల్లింగు వెతుకుతుంది. అది ఎట్టాంటి మాటంటే, ఈ పోగు మీద ఇటునుంచీ ఆ పోగు మీద అటునుంచీ చదివినా ఇంచుమించు ఒకేలా ఉండేది. మన 'పులుపు' లాగా. ఒక గ్రాహకం ఈ 'పు' పట్టుకుంటుంది, జతగాడు ఆ 'పు' పట్టుకుంటాడు. మధ్యలో 'లు' ఖాళీ."

అక్క పెదాలు కదిపి చూసుకుంది. "కునుకు కూడా అంతేగా. అటు చదివినా కునుకే. ఆ మాట నా ఒంట్లోంచి చెరిపేసింది నీ మందు."

ఇరవయ్యేళ్ళుగా పాఠం చెబుతున్నాను, అంత చక్కటి ఉదాహరణ నాకు ఒక్క విద్యార్థీ ఇవ్వలేదు.

"అట్టా పట్టుకుని కొన్ని జన్యువులను పనికి లేపుతాయి, వాపూ మంటా పుట్టించే జన్యువులను పడుకోబెడతాయి. జన్యువులోంచి నకలు రాయాలి, నకలు చూసి ప్రొటీన్ చెయ్యాలి. అందుకే మింగగానే కాదు, గంటలు పట్టిద్ది. అదే మందు మూతిలో పుండు మాన్పిద్ది, బుగ్గలో కొవ్వు చేర్చిద్ది. ఏ కణంలోకి పోతే ఆ కణం పుస్తకంలో తెరిచి ఉన్న పేజీనే చదివిద్ది."

"మరి నేను మింగకముందు ఆ గ్రాహకం ఏం చేస్తంటది?"

"ఇంకో ప్రొటీన్ దాన్ని ఒడిలో పట్టుకుని ఉంటుంది. హీట్ షాక్ ప్రొటీన్ అంటారు. వేడి దెబ్బ తగిలినప్పుడు కణాలు ఎక్కువగా చేసుకుంటాయని ఆ పేరు."

అక్క చేతిలో కాయ కింద పడేసింది. "వేడా! చూశావురా, నేను మొదట్నుంచీ మొత్తుకుంటానే ఉన్నా. ఇది వేడి జబ్బు, అది వేడి మాత్ర!"

అందరూ నవ్వారు. "లేదక్కా, అది ఉత్త పేరు. మాత్ర మాత్రం మానొద్దు, మానితే ప్రాణం మీదికొచ్చిద్ది" అని అక్కడే రెండుసార్లు చెప్పాను. అక్క విన్నట్టే తల ఊపింది.

ఏప్రిల్ ఎండలు మనకు తెలియనివి కావు. దాచేపల్లి వైపు సున్నపురాయి గుట్టలు పెనంలా కాలుతుంటాయి. అట్లాంటి ఎండల్లో ఒక పొద్దున బావ ఫోన్ చేశాడు. "మీ అక్క మంచం దిగట్లేదయ్యా. నిన్నట్నుంచీ వాంతులు. లేస్తే కళ్ళు తిరిగి పడిపోతాంది."

"మాత్రలేసుకుంటందా?"

"వేడి చేస్తన్నయ్యని వారం కిందే మానేసింది."

కారు మాట్లాడుకుని పేటకు తెమ్మన్నాను. దించేసరికి అక్క చెయ్యి చల్లగా ఉంది. అంత ఎండలో, అంత చల్లగా. డాక్టరమ్మ బీపీ చూసి వెంటనే సెలైన్ ఎక్కించి, అదే జాతి మందు సూదిలో ఇచ్చింది. అక్క నన్ను ఎత్తుకుని పెంచిన పసితనమంతా ఆ గంటల్లో గుర్తొచ్చింది. ఆవిడ చంకలోంచి నేను లోకాన్ని చూశాను. ఆవిడ చెప్పినవన్నీ నమ్మాను. మధ్యాహ్నానికి అక్క కళ్ళు తెరిచి, "ఆకలేస్తందిరా" అంది.

డాక్టరమ్మ మంచం పక్కన నిలబడి అడిగింది. "మానకూడదని మీకెవరూ చెప్పలేదా అమ్మా?"

అక్క నా వైపు ఒకసారి చూసింది. "ఎందుకు చెప్పలేదమ్మా! మా తమ్ముడు నెత్తీనోరూ కొట్టుకున్నాడు. కల్లంలో అందరి ముందూ రెండుసార్లు చెప్పాడు. నేనే వినలా."

డాక్టరమ్మ వెళ్ళాక, అక్క నోటికి ఇడ్లీ అందిస్తూ చెప్పాను. "సాగర్ కాలవ నీళ్ళొచ్చాక మన బావి పూడిక తీయడం మానేశాం గదక్కా. కాలవ కట్టేసిన రోజు బావిలో ఏముంది?"

"బురద."

"నీ మూత్రపిండాల మీద టోపీల్లా రెండు గ్రంథులున్నయ్. ఈ హార్మోను తయారు చేసే బావులవి. మాత్ర రోజూ వస్తుంటే, పైన మెదడు దగ్గర కూడా ఆ గ్రాహకమే పోయి 'ఇక చాల్లే' అని జన్యువును ఆపిద్ది. బావి పూడిపోయిద్ది. కాలవ కొంచెం కొంచెంగా తగ్గిస్తే బావిలో ఊట మళ్ళీ ఊరిద్ది. ఒక్కసారి కట్టేస్తే ఒళ్ళు ఎండిపోయిద్ది."

అక్క బావను పిలిచి మాత్రల డబ్బా దిండు కింద పెట్టించుకుంది. ఇప్పుడు సగం బిళ్ళ దాకా దిగింది. బుగ్గలు తగ్గుతున్నాయి.

ఇక ఒప్పుకోవాలి. కల్లంలో "మానొద్దక్కా" అని రెండుసార్లు చెప్పానన్నానే, అదొక్కటి అబద్ధం. ఒక్కసారి కూడా చెప్పలేదు. అక్క "వేడి మాత్ర" అనగానే ఆడవాళ్ళు నవ్వారు, ఆ నవ్వు నాకు కల్లు లాగా ఎక్కింది. దిద్దడం పోయి ఇంకా ఎగదోశాను. "మరేంటనుకున్నావక్కా, ఒక్కో మాత్రా కణానికో పొయ్యి ముట్టించిద్ది" అన్నాను. ఇంకా నవ్వారు. డాక్టరమ్మ నన్ను చెప్పమన్న మాట చెప్పకుండానే టీ తాగి బస్సెక్కాను.

పైన రాసిన అబద్ధం నా సొంతం కూడా కాదు. ఆసుపత్రి మంచం మీద, సెలైన్ సూది చేతికుండగా అక్క నాకోసం అల్లింది. నేను ఎత్తి రాసుకున్నాను. నాకు తెలిసి ఆవిడ పుట్టాక ఆడిన అబద్ధం అదొక్కటే. ఎందుకట్లా చెప్పావని ఆ సాయంత్రం అడిగితే గోడవైపు తిరిగి పడుకుంటూ అంది. "ఎవరో నిన్ను తిడతంటే నేను చూడలేనురా. తిట్టాల్సొస్తే నేను తిట్టుకుంటాలే."

ఇప్పటిదాకా తిట్టలేదు.