కరెంటు పోయినప్పటి మాటలు

మా నగరి మగ్గాల వీధిలో మాటలన్నీ కరెంటు పోయినప్పుడే. మరమగ్గాలు తిరుగుతున్నంతసేపూ పక్కనున్న మనిషిని పిలవాలన్నా చెయ్యి ఊపాల్సిందే. మా పక్కింటి చౌడేశ్వరమ్మ కాపురానికి వచ్చిన నాటినుంచీ ఆ మోతలోనే నూలు కండెలు చుడుతోంది. చెవులు సగం పోయాయి. కరెంటు పోతే మాత్రం పని పక్కనపెట్టి, వాకిట్లో కూర్చుని మనవరాలు భవితను ఒళ్లోకి లాక్కునేది. నాలుగేళ్ల ఆ పిల్ల మాటలు వినడమే ఆమెకున్న ఒకే ఒక్క సరదా.

"కరెంటు యాడికి పోయిందే?" అని అడిగింది ఒకరోజు.

"దానికి కాలిరిగిందవ్వా. కట్టు కట్టించుకోడానికి పుత్తూరుకు పోయింది."

"ఎప్పుడొస్తాది?"

"కుంటుకుంటా రావల్ల గదా. తొందరపెట్టొద్దు పాపం."

వీధి వీధంతా నవ్వింది. ఎముక విరిగితే పుత్తూరు కట్టు తప్ప మాకు వేరే వైద్యం తెలియదు మరి. చౌడేశ్వరమ్మ కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది.

ఖర్మకొద్దీ ఆమె కొడుకు ఢిల్లీబాబు చేతిలో ఫోను ఉంది. ఆ మాటలు వీడియో తీసి పెడితే ఊరూ వాడా చూశారట. పిల్లకు చేటుకాలం అప్పుడే మొదలైంది.

ఇక మగ్గం ఆగిందంటే చాలు, ఫోను పట్టుకుని వచ్చి తలుపు దగ్గర నిలబడతాడు. మోతలో వీడియో కుదరదు గదా. పిల్ల మూతికి ఎర్రరంగు, ముక్కు మీద పెద్దవాళ్ల కళ్లద్దాలు. "మళ్లా సెప్పు. కుంటి సూపించు" అని చెప్పిందే చెప్పిస్తాడు. అవి పాతబడ్డాక తనే రాసి బట్టీ పట్టించాడు. మొగుణ్ణి సాధించే పెళ్లాం మాటలు, అత్తను తిట్టే కోడలి మాటలు, పాలపళ్ల నోట. ఒకసారి చూశాను. అసహ్యం వేసి, తాగుతున్న టీ పారబోసి లోపలికి వచ్చేశాను.

చౌడేశ్వరమ్మ ఊరుకోలేదు. "థూ, ఏం బతుకురా ఇది. బిడ్డ నోట ఆ కూతలేందిరా?" అని నిలదీసింది.

"ముద్దొచ్చినప్పుడే సంకెక్కల్లమ్మా. నీకు తెల్దు, ఊరుకో" అన్నాడు వాడు.

మొన్న ఢిల్లీబాబు నూలు కోసం తమిళనాడు పోయాడు. మధ్యాహ్నం కరెంటు పోయింది. చౌడేశ్వరమ్మ కండెలు వదిలేసి వాకిట్లోకి వచ్చింది. కొడుకు లేడన్న సంతోషం ఆమె ముఖంలో తెలుస్తూనే ఉంది. పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుంది.

"కరెంటు యాడికి పోయిందే తల్లీ?"

భవిత అవ్వ ముఖం చూడలేదు. నాయన ఎప్పుడూ నిలబడే తలుపు వైపు చూసింది. అక్కడ ఎవరూ లేరు.

"నాయన రానీలే అవ్వా. ఊరికే సెప్తే ఎవురు సూస్తారు?" అంటూ ఒళ్లోంచి జారి లోపలికి పోయింది.

 ఆ పిల్ల మీద కాదు, ఆ మాట నేర్పినవాడి మీద, వాడి వీడియోలు చూసి ఇకిలించే జనం మీద నాకు రోత పుట్టింది.

పిల్ల అటు తిరిగి అనడంతో చౌడేశ్వరమ్మకు వినబడలేదు. నవ్వడానికి సిద్ధంగా, పక్క వాకిట్లో ఉన్న నా వైపు తిరిగింది.

"బిడ్డ ఏమనిందప్పా?"

"కట్టు విప్పేసినారంట పెద్దమ్మా. కుంటుకుంటా వస్తా ఉండాదంట" అన్నాను.

ఆమె కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది.