చప్పిడి కాళ్లు

ఆ ఏడు సూరయ్యను అంతగా కుంగదీసింది ముసురా, ఇంట్లోవాళ్ల ప్రేమా? ఎన్నేళ్లు తలపోసినా దీనికి జవాబు తోచదు. అతని భార్య నీలమ్మను అడిగితే ఒక్కోసారి ఒక్కో మాట చెప్పేది. చెప్పి, "నాకేటి తెల్సు" అనేది.

సూరయ్య హుమ్మ ఉప్పుమళ్లలో పనివాడు. గంజాం జిల్లా అప్పటికి మద్రాసు సర్కారు కిందే ఉండేది. పండిన ఉప్పు మీద అధికారం సర్కారుదే గాని, మడికి నీళ్లెప్పుడు పెట్టాలో, ఎవరు ఏ మడిలో దిగాలో మాత్రం మేస్త్రీ ధర్మలింగం చెప్పినట్టే నడిచేది. పుష్యమాసం రాగానే వానాకాలపు బురద ఎత్తిపోసి, మడి అడుగును కాళ్లతో తొక్కి గట్టిపరచాలి. మనుషులు వరసగా నిలబడి, ఒకరి భుజం ఒకరు పట్టుకుని, మడమలతో దరువు వేసినట్టు తొక్కుకుంటూ పోతారు. ఆ వరసకు ముందు సూరయ్య ఉండాల్సిందే. అతను తొక్కిన మడిలో ఉప్పు మట్టి అంటకుండా తెల్లగా దిగుతుందని పేరు. వైశాఖంలో ఆ తెలుపు మీద ఎండ పడి అందరూ తలగుడ్డలు కళ్ల మీదికి లాక్కుంటే, సూరయ్య మాత్రం గుడ్డ విప్పి నడుముకు చుట్టుకుని పక్కమడివాళ్లతో పరాచికాలాడేవాడు. ఎండ ముదిరినకొద్దీ హుషారు.

జ్యేష్ఠం చివర వానలు దిగి మళ్లు మునిగేవి. ఉప్పురాశులకు తాటాకు కప్పేసి అందరూ కూలికో నాలికో వెళ్లిపోయేవారు. అక్కడినుంచి సూరయ్యకు మాట తగ్గిపోయేది. ఆషాఢంలో అడిగినదానికి జవాబిచ్చేవాడు. శ్రావణంలో అదీ ఉండేది కాదు. అన్నం ముందు కూర్చుని చెయ్యి కడగడం మరిచిపోయేవాడు. పొద్దెక్కినా చాప మీంచి లేచేవాడు కాదు. ఏమైందని అడిగితే "కిచ్చి నాయి" అనేవాడు. ఏమీ లేదని ఒడియాలో అన్నమాట. తెలుగులో అబద్ధం చెప్పలేక ఆ భాషలో చెబుతున్నాడని కాపరానికొచ్చిన కొత్తలో నీలమ్మ నవ్వుకునేది. పోనుపోను నవ్వు రాలేదు.

ఒక్కటి మాత్రం చేసేవాడు. వాన ఎంత కొడుతున్నా, రోజుకోసారి తాటాకు గొడుగు నెత్తిన పెట్టుకుని మళ్లగట్టు మీదికి వెళ్లేవాడు. ఉప్పురాశి చాటున కూర్చుని, మబ్బు ఎటు పలచబడితే అటు మొహం తిప్పుకునేవాడు. చిలకా సరస్సు వైపు ఎప్పుడో ఓసారి బూడిదరంగు చీలి కాస్త వెలుగు కనబడేది. అది చూసి వచ్చిన రోజు రెండు ముద్దలు ఎక్కువ తినేవాడు. అలా ఈడ్చుకుంటూ కార్తీకం దాటేసేవాడు. మార్గశిరంలో మళ్లీ మనిషయ్యేవాడు.

ఆ తిరగడమే అతని తల్లి చిట్టమ్మకు భయం. ఆమె భర్తకూ వానాకాలంలో ఇలాగే మాట తగ్గిపోయేది. ఒక భాద్రపదంలో ఆయన సరస్సు వైపు నడిచిపోయాడు. మళ్లీ ఇంటికి రాలేదు. ఆ మాట ఇంట్లో ఎవరూ అనేవారు కాదు. కాని కొడుకు గొడుగు అందుకున్నప్పుడల్లా ఆమె గుమ్మంలోకి వచ్చి నిలబడేది.

ఆ ఏడు ముసురు ముందే పట్టింది. ఒకరోజు సూరయ్య చీకటి పడేదాకా గట్టు మీదే ఉండిపోయి, తడిసి ముద్దై వచ్చాడు. మర్నాడు చిట్టమ్మ కోడల్ని పెరట్లోకి పిలిచింది.

"ఆల్నాన్నని నాను ఆపనేదే. పోయొత్తాడులే అనుకున్నాను. నువ్వు నాలాగ సెయ్యకు."

నీలమ్మ ఆ సాయంత్రమే గొడుగు అటక మీద దాచేసింది. పక్క ఊరు రంభకు వెళ్లి పసరువైద్యుడు దాలయ్యను బతిమాలి తీసుకొచ్చింది. ఆయన నాడి చూసి, నాలిక చూసి, ఉప్పుగాలి ఒంట్లో చేరి మనిషిని బిగదీసేసిందన్నాడు. గాలి తగలనీయొద్దన్నాడు. ఉప్పు పూర్తిగా మాన్పించి, కార్తీకం వెళ్లేదాకా చప్పిడి పథ్యం పెట్టమన్నాడు.

నీలమ్మ లోపలిగది కిటికీకి చాప కట్టింది. తలుపు దగ్గర తను పడుకుంది. ఉప్పు మధ్యనే పుట్టి పెరిగిన మనిషికి ఉప్పులేని గంజి, ఉప్పులేని కూర. సూరయ్య ఎదురు చెప్పలేదు. పెట్టింది పెట్టినట్టు తిని గోడ వైపు తిరిగేవాడు. ఒక్కసారి మాత్రం, "ఆ సాప తీసేయే, ఊపిరాడ్నేదు" అన్నాడు. ఆమె తీయలేదు. తీస్తే ఏమవుతుందోనని కిటికీకి వీపు ఆనించి కూర్చుంది.

కార్తీకం ఎలాగో గడిచింది. మార్గశిరంలో ఒక పొద్దున్న చాప సందులోంచి ఎండ గదిలో పడింది. సూరయ్య లేచి, నూతి దగ్గర తలస్నానం చేసి, గడ్డం గీయించుకుని వచ్చి భార్యను చూశాడు.

"మడి తొక్కుడు ఎప్పుడేటి?"

ఆ మాటకు నీలమ్మ ఆనందం ఇంతా అంతా కాదు. ఆ పూటే కూరలో ఉప్పు వేసి పెట్టింది. అతను ఒక ముద్ద తిని, "ఎక్కువైపోనాదే, నన్ను కూడా ఊరబెట్టేత్తావేటి" అన్నాడు. ఎన్నాళ్లకో విన్న పరాచికం. ఆ సంతోషం కడుపులో దాచుకోలేక ఆమె నూతి దగ్గరికి వెళ్లి అందరికీ చెప్పింది. చప్పిడి పెట్టి మనిషిని నిలబెట్టుకున్నానంది. మందు నియమం తప్పకుండా, ఉప్పు రవ్వ తగలనివ్వకుండా ఎలా చూసుకుందో వివరంగా చెప్పింది.

సాయంత్రానికల్లా ఆ మాట ధర్మలింగం చెవిన పడింది. అతను చెడ్డవాడు కాదు. కాని ముందటేడు అకాలపు వానకు పంటంతా కరిగి నీళ్లపాలైంది. అప్పటినుంచి అతనికి ప్రతిదానికీ శంకే. మళ్లను నమ్ముకున్నవాడు ఉప్పు విడిచి బతికితే ఆ ఏడు అతని పాదం మడిలో పడకూడదని వాళ్ల తాత నాటినుంచి ఒక పట్టింపు. తొక్కుడు రోజున సూరయ్య గట్టు దిగబోతుంటే అడ్డంగా చెయ్యి పెట్టాడు.

"నీ మీద కోపం కాదురా సూరయ్యా. సప్పిడి కాలెడితే ఉప్పు దిగదు. పై ఏడు సూద్దారి."

సూరయ్య కాసేపు తన పాదాలకేసి చూసుకున్నాడు.  నీలమ్మే మేస్త్రీ ఇంటికి పరుగెత్తింది. పెట్టింది తనని, అతని తప్పేమీ లేదని, ఆ మనిషికి ఎండే మందని ఇప్పుడు తెలిసొచ్చిందని కాళ్లావేళ్లా పడింది. గట్టు మీద ఊరికే కూర్చునైనా పని చూడనివ్వమంది. కూర్చోవడానికి తనకేం అభ్యంతరం లేదన్నాడు ధర్మలింగం. మడిలో మాత్రం కాదన్నాడు.

కూర్చున్నాడు కూడా, కొన్నాళ్లు. కింద వరస సాగుతుంటే సూరయ్య మడమలు గట్టు మీదే మెల్లగా కదిలేవి. "సప్పిడి కాళ్లు ఎండబెట్టుకుంతన్నావేటి సూరయ్యా" అని పోతయ్య అనే కుర్రవాడు కేకేస్తే అందరూ నవ్వారు. వెనకటి సూరయ్య అయితే తిరిగి నాలుగు అంటించేవాడు. ఇప్పుడు తనూ నవ్వాడు. నవ్వి, లేచి ఇంటికొచ్చి లోపలిగదిలో పడుకున్నాడు.

నీలమ్మ చాప ఎప్పుడో తీసేసింది. కిటికీలోంచి ఎండ నిండుగా వచ్చి అతని వీపు మీద పడుతోంది. అతను గోడ వైపే తిరిగి ఉన్నాడు. ముసురులో ఇలా ఉంటే ఎండ కోసం ఎదురుచూడొచ్చు. ఎండలోనే ఇలా అయిపోతే ఇక దేనికోసం చూడాలి? చిట్టమ్మ మళ్లీ గుమ్మంలోకి వచ్చి నిలబడడం మొదలుపెట్టింది.

"ఏటి సెయ్యమంతావు మావా, సెప్పు," అని నీలమ్మ అతని పక్కన కూలబడింది. "తిట్టు నన్ను. ఒక్క మాట అను."

సూరయ్య ఇటు తిరిగాడు. "నువ్వు బతికించుకుందారని సేసినావు," అన్నాడు. "నానెక్కడో ఓకాడ మడిలో దిగాలే. నేపోతే వొచ్చే వానకి నానుండను."

అది బెదిరింపులా అనలేదు. పొద్దు వాలిందన్నంత మామూలుగా అన్నాడు. అందుకే ఆమెకు రాత్రంతా నిద్ర పట్టలేదు.

మర్నాడు పట్టపగలు, నీలమ్మ పెరట్లో బట్టలు ఆరేస్తోంది. గుమ్మంలో చిట్టమ్మ "ఓలమ్మా" అంది, అరిచినట్టు కాదు, గొణిగినట్టు. నీలమ్మ వచ్చి చూసింది. సూరయ్య వీధి దాటి వెళ్తున్నాడు. భుజం మీద ఉప్పు లాగే కర్రపలక, దాని చివర చిన్న మూట. తల తిప్పి ముందు సరస్సు వైపు చూసింది నీలమ్మ. అతను అటు కాదు, రైలు స్టేషను వైపు నడుస్తున్నాడు. దక్షిణాన నౌపడలో ఉప్పుమళ్లున్నాయి. అతను చప్పిడి తిన్నాడని అక్కడ ఎవరికీ తెలియదు.

పేరు పెట్టి కాకపోయినా "మావా" అని ఒక్క కేక వేస్తే వినబడే దూరమే. నోటిదాకా వచ్చింది. కాని బయల్దేరిన మనిషిని వెనకనుంచి పిలవకూడదు. పిలిస్తే వెళ్లిన పని కాదు. ఈ పని కాకపోతే మనిషే ఉండడు. తడిబట్ట పట్టుకుని అలాగే నిలబడింది. చిట్టమ్మ కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది, పిలవమనో, వద్దనో.

సూరయ్య ఎండలో తలగుడ్డ విప్పి నడుముకు చుట్టుకున్నాడు. పలక భుజం మార్చుకున్నాడు. వెనక్కి చూడకుండా రైలుకట్ట ఎక్కి, అవతలి వైపుకు దిగిపోయాడు.