అబద్ధమాడుతున్న పాదం

ఇరవై రెండేళ్లు తండ్రి కొట్టులో చేతిగడియారాలు బాగుచేసి, ఆ కొట్టు మూతపడ్డాక ఆమె రోబోలు తయారుచేసే వర్క్‌షాపులో చేరింది. అక్కడందరికీ ఆమె వాచీలక్క. అరచేతిలో ఇమిడే ఆరు కాళ్ల రోబోలకు పాదాలు అమర్చడం ఆమె పని. ఒక్కో పాదం కింద గోరంత సెన్సర్ పెట్టి, దానికి రబ్బరు తొడిగి, రెండు స్క్రూలు బిగించాలి. పాదం నేలకు ఆనిందని సెన్సర్ చెప్పాకే రోబో ఆ కాలి మీద బరువు మోపుతుంది.

ఎవరి పనినీ నమ్మని మనిషి ఆమె. ఆమె భర్త బస్సు డ్రైవరు. "నేను కట్టేసిన గ్యాసును మళ్లీ వెళ్లి కట్టేసి వస్తావు. ఏదో ఒకరోజు నన్ను కూడా విప్పి చూస్తావు," అని నవ్వేవాడు.

ఒక వారం రోబోలు పొద్దుటి పరీక్షలో వరసగా బోర్లా పడ్డాయి. కాలు ఇంకా గాల్లో ఉండగానే నేల తగిలిందని సెన్సర్ చెప్పేస్తోంది. ఆ మాట నమ్మి రోబో బరువంతా లేని నేల మీద వేస్తోంది.

"అక్కా, మీరు సెన్సర్ సరిగ్గా కూర్చోబెట్టడం లేదేమో," అంది ఇంజినీరమ్మాయి.

"ఒక్కోటీ నొక్కి, వదిలి, తెర మీద ఒత్తిడి సున్నా అని చూశాకే ఇచ్చాను మేడమ్."

"మరి సాయంత్రం బాగున్నది పొద్దున్నకల్లా ఎలా చెడుతోంది?"

ఆ ప్రశ్న వాచీలక్క బుర్రలో తొలుస్తూనే ఉంది. రోబోలుండే గది తాళాలు, అందరికీ సామాన్లిచ్చే స్టోరు బాబాయ్ దగ్గరుంటాయి. ఈ ఉద్యోగం తన చెల్లెలి కోడలికి ఇప్పించాలని ఆయన చాలా తిరిగాడు. ఈమధ్య వాచీలక్క వస్తుంటే మాట మధ్యలో ఆపేస్తున్నాడు కూడా.

ఆ సాయంత్రం ప్రతి స్క్రూ తల మీంచి పక్కకు సన్నగా గోళ్ల రంగు గీసి వెళ్లింది. స్క్రూ తిరిగితే గీత తెగుతుంది. మర్నాడు భూతద్దం పెట్టి చూస్తే ప్రతి పాదం మీదా గీత తెగి ఉంది. తిన్నగా యజమాని గదికి వెళ్లింది.

"ఆయన చేస్తుండగా చూశావా?" అని యజమాని అడిగాడు.

"చూడక్కర్లేదు సార్. తాళాలు ఎవరి దగ్గరున్నాయి?"

ఆ రోజే తాళాలు ఇంజినీరమ్మాయి చేతికి వెళ్లాయి. కారణం ఎవరికీ చెప్పకుండా బాబాయ్‌ని గేటు పక్క ప్యాకింగు షెడ్డుకు పంపారు. ఆయన ఒక్క మాట అనలేదు. తప్పు చేసినవాడు కాబట్టే నోరెత్తలేదనుకుంది వాచీలక్క.

ఆమె కొత్తగా గీసిన గీతలు మరుసటి పొద్దున మళ్లీ తెగాయి.

ఇప్పుడు తాళాలు బాబాయ్ దగ్గర లేవు. ఆ తర్వాతి రోజు గంట ముందే వచ్చింది. గది తలుపు తీసే ఉంది. లోపల ఇంజినీరమ్మాయి రోబోను వెల్లకిలా పడుకోబెట్టి స్క్రూలు తిప్పుతోంది.

"ఏం చేస్తున్నారు?"

అమ్మాయి ఉలిక్కిపడింది. "పరీక్షకు ముందు కాస్త బిగిస్తున్నానక్కా. మీరు వదులుగా వదిలేస్తారేమోనని. పది రోజుల్నించి చేస్తున్నా. రోజూ బాబాయే తలుపు తీసిచ్చేవాడు. మీ దగ్గర అనొద్దని నేనే చెప్పాను."

"మరి నాతో చెప్పలేదే?"

"మీరు నొచ్చుకుంటారని."

వాచీలక్క ఆ రోబోను తెరకు కలిపింది. పాదం గాల్లోనే ఉంది, తెర మీద నలభై. స్క్రూ అర చుట్టు వదులు చేసింది. సున్నా.

"మీరు బిగించేసరికి రబ్బరు సెన్సర్‌ను నొక్కేస్తోంది. ఇక దానికి ఎప్పుడూ నేల తగిలినట్టే కదా," అంది. అమ్మాయి స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టేసింది.

ఆ రోజు రోబోలన్నీ చక్కగా నడిచాయి. వాచీలక్క మాత్రం యజమానికి జరిగింది చెప్పి, తాళాలు అడిగి తీసుకుని ప్యాకింగు షెడ్డుకు వెళ్లింది.

"తప్పు నాది బాబాయ్."

"ఒక్కసారి నన్ను అడిగుంటే చెప్పేవాణ్ణి కదమ్మా."

"అడగాలనిపించలేదు."

"అదే నాకు బాధ," అని ఆయన తాళాలు అందుకున్నాడు.

ఆ తర్వాత ఆయన ఆమెతో మర్యాదగానే ఉన్నాడు. కానీ సెన్సర్లు ఇచ్చినప్పుడల్లా ఒక్కోటీ బల్ల మీద పెట్టి పైకి లెక్కపెట్టేవాడు. "నువ్వూ లెక్కపెట్టుకో," అని నిలబడేవాడు. ఆమె తల వంచుకుని మొదటి నుంచీ లెక్కపెట్టేది.