పలిసపిట్టల గంగాలమ్మ

విశాఖపట్నంలో దిగే ఏ పిట్టయినా ముందు మా మామ్మ గంగాలమ్మకు మొహం చూపించి, ఆ తరవాతే కొమ్మ మీద వాలాలి. ఓడలకు పోర్టువాళ్లు ఎలాగో, పిట్టలకు మా మామ్మ అలాగ.

ఆవిడ ఎండుచేపలు అమ్మేది. పాతపట్నంలో మా డాబా మీద చేపలు ఆరబెట్టి, కర్ర పట్టుకుని పగలంతా కాపలా కాసేది. కాకిని తోలాలంటే ముందు వచ్చింది కాకో కాదో తేల్చాలి కదా. అలా అంటుకున్న జబ్బు పలిసపిట్టల దగ్గర ముదిరింది. పలిసపిట్టలంటే వానలు వెనకపట్టాక గుంపులుగా దిగి, ఎండలు ముదిరేలోపు వెళ్లిపోయే చుట్టాలు. చూపుకి గోరింకల్లాగే ఉంటాయి. ఆ మాట ఆవిడ ముందు అంటే మాత్రం అయిపోయినట్టే.

మా నాన్న ఒకసారి అన్నాడు. మామ్మ కర్రతో సహా తిరిగింది.

"కళ్లెక్కడెట్టేసినావురా? గోరింకకి కళ్ల సుట్టూ పసుపుంటాది, జంటగా తిరుగుతాది. ఇయ్యి మందగా వచ్చి తోసుకుంటాయి, రేషన్ షాపు కాడ నీ పెళ్లాం లాగ."

ఆ పూట మా అమ్మ ఎవరికీ కూర వడ్డించలేదు.

ఎనిమిదో తరగతితో బడికి దణ్ణం పెట్టిన నాకు బుర్రకెక్కిన ఒకే ఒక పాఠం మామ్మ మొట్టికాయలతో ఎక్కించిందే. చలికాలంలో పెద్దపిట్టల గులాబీరంగు మాసిన దుప్పటిలా ఉంటుంది. ఉగాది నాటికి నిగనిగలాడుతుంది, తల మీద జుట్టు లేస్తుంది. ఆ ఏడు పుట్టిన పిల్ల మాత్రం మట్టిరంగులో వస్తుంది, ఉగాదికి సగం సగం రంగు తేలి ఊరుకుంటుంది. నిగనిగలాడేదాన్ని చూసి ఓసారి నేను పిల్ల అన్నాను.

"తొలేడు పిల్లకి అంత జుట్టెక్కడిదిరా? మీ తాతకుందేటి?" అని మొట్టింది. మా తాతది బట్టతల.

పక్కింట్లో వాచీలు బాగుచేసే అహ్మద్ గారి కూతురు గజాలాకు ఒక చలికాలం రెక్క దెబ్బతిన్న మట్టిరంగు పలిసపిల్ల దొరికింది. దానికి సలాం చెప్పడం నేర్పుతానంది. ఇది బతకదు, బతికినా నీ మాట వినదు అని మామ్మ ఈసడించింది. ఈసడిస్తూనే రోజూ దానికి మిడతలు పట్టి తెచ్చేది. ఆ మిడతలు పట్టిన చేతులు మావి.

మాఘమాసంలో ఒక పొద్దున పంజరం ఖాళీ. పిల్లి పని. మా డాబా మీద పడ్డ ఈకల్ని మామ్మ గబగబా ఊడ్చి కొంగున కట్టుకోవడం నేను చూశాను. నోరు మూసుకోమని కర్ర చూపించింది. పిట్ట ఎగిరిపోయిందని గజాలాకు చెప్పారు. ఆ పిల్ల నమ్మలేదు. బడి మానేసి, అన్నం సరిగ్గా తినక, పిల్లి కనబడితే వణికిపోతూ డాబా మీదే కూర్చునేది. అహ్మద్ గారు బతిమాలి బతిమాలి అలిసిపోయారు.

ఉగాది ముందు వీధి చివర బూరుగుచెట్టు ఎర్రగా పూసింది. వెళ్లిపోయే ముందు విందుకి పలిసలన్నీ దాని మీదే వాలాయి. మామ్మ గజాలాను చెయ్యిపట్టి లాక్కొచ్చింది.

"ఓలె గుంటా, ఆకాసంలో ఏటి సూత్తన్నావ్? పై కొమ్మ సూడు. జుట్టు లేపుకుని పక్కోళ్లందర్నీ పొడిసేత్తంది కదా, అదే నీది."

"నాది మట్టిరంగు కదా మామ్మా?"

"ఎదిగింది, గులాబీ సొక్కా తొడిగింది. రేపో మాపో దాని దేశం ఎల్లిపోతాది. నీలాగ పని ఎగ్గొట్టి కూకోదు."

ఆ పిట్ట గొంతు చించుకుని అరిచింది. అది సలామే అంది గజాలా. ఔను, సలామేనని మామ్మ వెంటనే ఒప్పేసుకుంది. ఆ వారమే గజాలా బడికి వెళ్లింది.

చెట్టు కింద మామ్మ మాటలు విని నా చెవుల్ని నేనే నమ్మలేకపోయాను. చెట్టు మొత్తంలో అంత నిగనిగ, అంత జుట్టు ఇంకో పిట్టకు లేదు. ఆ సాయంత్రం చేపలు బుట్టకెత్తుతుంటే ఉండబట్టలేక అడిగేశాను.

"మామ్మా, తొలేడు పిల్లకి జుట్టు రాదన్నావు కదా?"

ఆవిడ తలెత్తలేదు.

"నాను సెప్తే వత్తాది. బుట్టెత్తు."