వావిలాకు నీళ్ళు

మా మేడమీది గదిలో అద్దెకు దిగిన అమ్మాయి చలికాలంలో వచ్చింది. అందరం స్వెట్టర్లలో ఉండే రోజులు కాబట్టి ఆమె చేతులు ఎలా ఉన్నాయో ఎవరికీ తెలియలేదు. ఎండలు ముదిరి, ప్రేమ్ బజార్ టీ కొట్ల దగ్గర కుర్రాళ్ళు నిక్కర్లతో నిలబడే కాలం వచ్చినా ఆ పిల్ల మణికట్టు దాకా చేతులున్న కుర్తాలే వేసుకునేది. పొద్దున్నే సైకిలు మీద క్యాంపస్ గేటులోకి వెళ్ళిపోయేది. సాయంత్రం తిరిగొచ్చి తలుపు వేసుకునేది. ఊరు కరీంనగర్ పక్కన. ఇక్కడ, ఈ బెంగాలీ ఊళ్ళో, పరిశోధన చేస్తోంది. అంతకు మించి నాకేమీ తెలియదు.

ఒకరోజు ఆరేసిన బట్టలు తీద్దామని మేడమీదకు వెళ్ళాను. ఆ అమ్మాయి కుర్తా చేతులు పైకి మడిచి దుప్పటి ఉతుకుతోంది. మోచేతి మడతల్లో చర్మం పగిలి, గీరుకున్న చోటల్లా పుళ్ళు పడి ఉంది. దుప్పటి మీద అక్కడక్కడా రక్తపు చుక్కలు. నన్ను చూసి గబుక్కున చేతులు దించుకుంది.

"ఏటమ్మా ఇది? ఏదీ, సూపించు" అన్నాను.

"ఏం లేదు ఆంటీ. చిన్నప్పటి సంది ఉన్నదే. టెన్షన్ ఎక్కువైతే లేస్తది, గంతే."

కిందకు వచ్చి ఈ సంగతి మా అత్తగారికి చెప్పాను. శ్రీకాకుళం వైపు నుంచి పెళ్ళికూతురుగా ఈ ఊరు వచ్చి, రైల్వే క్వార్టర్లలోనే సగం జీవితం గడిపిన మనిషి. మామగారు వర్క్‌షాపులో బాయిలర్ పని చేసేవారు. ఆ రోజుల్లో ఆ వీధిలో ఏ ఇంట పురుడొచ్చినా పసిబిడ్డకూ బాలింతకూ నీళ్ళు పోయడానికి ఆవిడనే పిలిచేవారట. బెంగాలీల ఇళ్ళకూ, ఒడియా వాళ్ళ ఇళ్ళకూ కూడా వెళ్ళేదట. ఇప్పుడు ఎవరూ పిలవరు. వరండాలో కుర్చీ వేసుకుని దారిన పోయేవాళ్ళను చూస్తూ కూర్చుంటుంది.

నా మాట వినగానే ఆవిడ కళ్ళల్లోకి పాత హుషారు వచ్చింది.

"ఆదివారం ఆ గుంటని కిందకి రమ్మను. నాను నీల్లోస్తాను. ఇలాటివి ఎన్ని సూళ్ళేదు!"

తనే డబ్బాలు దింపించి సున్నిపిండి కలిపింది. పెసలు, కచ్చూరాలు, కస్తూరి పసుపు, ఎండబెట్టిన నారింజ తొక్కలు. అన్నీ మిక్సీ పట్టించి, తన చేత్తోనే జల్లించింది. ఆదివారం పెరట్లో కుళాయి దగ్గర పీట వేసి ఆ అమ్మాయిని కూర్చోబెట్టింది. ముందు తల నిండా నూనె పెట్టింది. తర్వాత ఒళ్ళంతా పిండితో రుద్ది, వేపాకూ పసుపూ వేసి మరిగించిన నీళ్ళు వేడివేడిగా పోసింది. మొదట సిగ్గుపడ్డ పిల్ల తర్వాత తల వంచుకుని ఊరుకుంది. ఒక్క మాట కూడా అనలేదు. అదంతా హాయే అనుకున్నాం మేమిద్దరం.

సాయంత్రానికి ఆమె చేతులు మిరపపళ్ళలా అయ్యాయి. మెడ కూడా వాచింది. మర్నాడు పొద్దున్నే గోల్‌బజార్ వెళ్ళే ఆటో ఎక్కించి చర్మం డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాను. బెంగాలీ ఆవిడ, నెమ్మదస్తురాలు. చేతులు తిప్పి చూసి, ఎవరు రుద్దారని అడిగింది. ఇది పైన మురికి కాదనీ, చర్మమే బలహీనంగా ఉందనీ, రుద్దడం, మరిగిన నీళ్ళు, పసుపు, నారింజ తొక్క ఇలాంటి వాటికి పడదనీ హిందీలో విడమరిచి చెప్పింది. పూతమందు రాసిచ్చింది. ఇంట్లో ఏదైనా చేయాలని ఉంటే ఓట్స్ మెత్తగా పొడి చేసి గోరువెచ్చని నీళ్ళలో కలిపి, అందులో చేతులు కాసేపు నాననివ్వమంది. తర్వాత తుండుతో రుద్దకుండా అద్ది, ఒళ్ళు తడిగా ఉండగానే తను రాసిచ్చిన క్రీము పట్టించాలట.

ఇంటికొచ్చాక అత్తగారి దగ్గర ఈ మాట దాచుదామనుకున్నాను. కానీ ఆవిడ గుమ్మంలోనే నిలబడి ఉంది.

"డాక్టరమ్మ ఏటంది?"

"మందిచ్చినాది అత్తా. తగ్గిపోద్దంట."

"నా పిండి వల్లే కదా?"

ఆవిడ లోపలికి వెళ్ళి సున్నిపిండి డబ్బా తెచ్చి నా చేతికిచ్చింది. "పారబొయ్యి. నా సేతులు పాడైపోనాయి గావాల" అంది. ఆ తర్వాత కొన్నాళ్ళు పెరటివైపే రాలేదు. అన్నం కూడా నామమాత్రంగా తినేది. ఎంతమంది బిడ్డలకు నీళ్ళు పోసిన చేతులో అవి. ఆ బాధ నాకు అర్థమైంది.

మా ఇంట్లో స్నానపు తొట్టి లేదు. దుప్పట్లు నానబెట్టే పెద్ద నీలం ప్లాస్టిక్ టబ్బు ఉంది. దాన్ని తోమి, గోరువెచ్చని నీళ్ళు నింపి, ఓట్స్ పొడిని మెత్తని పాత పంచె ముక్కలో మూటకట్టి అందులో పిసికాను. నీళ్ళు బియ్యం కడుగులా తెల్లగా, జారుజారుగా అయ్యాయి. అమ్మాయి పీట మీద కూర్చుని మోచేతుల దాకా ముంచింది. నేను ఆ మూటనే మెడ మీద మెల్లగా ఆనించాను.

కాసేపటికి ఆమె భుజాలు కిందకు దిగాయి. కళ్ళు మూసుకునే అంది.

"ఆంటీ, నన్నిట్ల కూసోవెట్టి ఎవరన్న చేసి ఎన్ని రోజులైందో. మా సార్‌కు నేను రాసింది ఏదీ నచ్చుతలేదు. ఇడిచిపెట్టి పోదామనిపిస్తంది."

"పోవాలంటే పోదువులే. ముందు ఈ నీల్లు సల్లారనీ" అన్నాను. ఆమె కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

మందుతోనూ ఆ ఓట్స్ నీళ్ళతోనూ పుళ్ళు మెల్లగా మానాయి. ఇంతలో వానలు పట్టుకున్నాయి. వానాకాలం వస్తే మా అత్తగారికి మోకాళ్ళు వాస్తాయి. ఎవరికీ చెప్పదు. వరండా మెట్లు కూర్చుని జరుగుతూ దిగుతుంది. నేను అలవాటు పడిపోయి పట్టించుకోవడం మానేసినట్టున్నాను. ఆ అమ్మాయి పట్టించుకుంది.

"అమ్మమ్మా, మోకాళ్ళ నొప్పులున్న బాలింతలకు మీరు ఏం నీళ్ళు పోసేటోళ్ళు?" అని అడిగింది ఓ సాయంత్రం.

అత్తగారు మోకాళ్ళ మీద చీర సర్దుకుని, "వావిలాకు. ఇక్కడోల్లు నిశిందా అంటారు. ఇంకేటి సెయ్యడానికిలే" అంది.

మర్నాడు అమ్మాయి తడిసి ముద్దై వచ్చింది. సైకిలు బుట్ట నిండా ఆకు. ప్రేమ్ బజార్లో కూరలమ్మే దీదీని అడిగితే, "నిశిందా పాతా? కీ కోర్‌బే?" అని, దాంతో ఏం చేస్తావన్నట్టు నవ్వి, రైలు కట్ట పక్కన పొదలు చూపించిందట.

ఆకు పెద్ద గిన్నెలో వేసి పొయ్యి మీద పెట్టాం. అత్తగారు వరండాలోంచే అరిచింది. "మూత తియ్యకండి! ఘాటంతా పోద్ది!" తర్వాత ఉండలేక గోడ పట్టుకుని తనే వంటింట్లోకి వచ్చింది. ఆవిడను పెరట్లో కుర్చీలో కూర్చోబెట్టాం. వేడి తగ్గాక ఆ నీళ్ళలో పాదాలు పెట్టించి, అమ్మాయి కింద కూర్చుని గుడ్డ ముంచి మోకాళ్ళకు చుట్టబోయింది.

అత్తగారు కాళ్ళు వెనక్కి లాక్కుంది. "సదువుకున్నదానివి, నువ్వు నా కాల్లు పట్టుకోడమేటి!"

"మీరు నా వీపు రుద్దలేదా?"

"రుద్ది నీ ఒల్లు సెడగొట్టినాను కదే."

"మీరు నెత్తికి నూనె వెడ్తుంటె నాకు మా ఇల్లు యాదికొచ్చింది అమ్మమ్మా. గందుకే మంటైనా సప్పుడు చెయ్యలే."

అత్తగారు కాళ్ళు మళ్ళీ నీళ్ళలో పెట్టింది. ఆవిరి ఘాటుకేమో, కళ్ళు నీళ్ళతో నిండాయి. అమ్మాయి గుడ్డ పిండి కప్పుతుంటే మెల్లగా అంది.

"నన్నెవులూ ఇలగ కూకోబెట్టి నీల్లోయలేదే. నా పురుల్లకి కూడా నానే తోడుకున్నాను. మా అమ్మ ఊర్లో ఉండిపోనాది. మా కోడలి మావ డూటీలో ఉండీవోడు."

పెళ్ళయి ఇన్నేళ్ళుగా ఒకే ఇంట్లో ఉన్నా, నేను ఆ మాట అంతకుముందు వినలేదు. లేచి రెండో మోకాలికి నేను గుడ్డ కట్టాను.

నొప్పులు మాయమైపోలేదు. మాత్రలు కూడా వాడాల్సి వచ్చింది. కానీ ఆవిడ మెట్లు నిలబడి దిగడం మొదలుపెట్టింది. ఆదివారాలు పెరట్లో ఒక పక్క ఓట్స్ టబ్బు, మరో పక్క వావిలాకు గిన్నె. ఓట్స్ పొడి పని అత్తగారు నా చేతుల్లోంచి లాగేసుకుంది. "గరుగ్గా ఉంటే గీరుకుపోద్ది" అంటూ పల్చటి గుడ్డలో జల్లెడ పట్టేది. నీళ్ళ వేడి తన మోచేయి ముంచి చూశాకే అమ్మాయిని కూర్చోనిచ్చేది.

ఆ అమ్మాయి చదువు వదల్లేదు. పూర్తిచేసుకుని పుణె ఉద్యోగానికి వెళ్ళింది. ఇక్కడున్నన్నాళ్ళూ సెమినార్లున్నప్పుడల్లా చేతుల మీద దద్దుర్లు లేస్తూనే ఉన్నాయి గానీ, దాచుకోవడం మానేసింది. ఇప్పుడు ఫోన్ చేస్తే ముందు అత్తగారినే అడుగుతుంది.

గదిలోకి ఈమధ్య నెల్లూరు పిల్ల ఒకతె దిగింది. సామాను ఇంకా సర్దుకోకముందే అత్తగారు మేడమెట్ల కింద నిలబడి ఆమెను పిలిచింది.

"ఇదిగో, ముందు నీ ఒంటికేటి పడదో సెప్పు."

ఆ పిల్లకు అర్థం కాక కాస్త ఆలోచించి, "నాకన్నీ పడతాయి అవ్వా" అంది.

మా అత్తగారు కొంచెం నిరాశపడింది.