పెళ్లిళ్ల బ్యూరోలో ఫైటర్ చేపల సంబంధం

నేనిచ్చిన చేపలు కొట్టుకుని ఒక పెళ్లి సంబంధం చెడిపోయిందని పంజాగుట్టలో మా పాత షాపువాళ్లు కొత్తగా చేరినవాళ్లకు ఇప్పటికీ కథ చెబుతున్నారట. ఇందులో రెండు అబద్ధాలున్నాయి. కొట్టుకున్నవి నేనిచ్చిన చేపలు కావు. సంబంధం చెడింది చేపలు కొట్టుకున్నందుకూ కాదు. హాలు మధ్యలో నిలబడి నేను అరిచానని కూడా అంటారు. అరవలేదు. నా గొంతే అంత.

కరోనా తర్వాత రెండో ఏడు, ఆషాఢం మొదటి వారంలో ఓనరు గారు నన్ను పిలిచి అమీర్‌పేట పని అప్పగించారు. అప్పటికి ఆ అక్వేరియం షాపులో పదహారేళ్లుగా ఉన్నాను. హోదా లైవ్‌స్టాక్ ఇన్‌చార్జి. గాజు తొట్లూ పంపులూ రంగురాళ్లూ వేరేవాళ్లు చూసుకునేవారు. షాపులో ప్రాణమున్న ప్రతిదానికీ, ఓనరు గారి బావమరిదిని మినహాయించి, నేనే జవాబుదారీ. జువాలజీలో ఎమ్మెస్సీ చేసి చేపలమ్ముకోవడమేంటని మా బంధువులు అడిగేవారు. అమ్మేది చేపలు కాదు, సలహా అని చెప్పేదాన్ని. నమ్మేవారు కాదు, అయినా సలహాకి వచ్చేవారు.

మొదటిసారి తొట్టి కొన్నవాళ్లకు ఏ చేప పక్కన ఏ చేప ఇముడుతుందో చూసి, కాగితం మీద రాసి, సంతకం పెట్టివ్వడం నా పనిలో ముఖ్యమైనది. దాన్ని పొంతన చీటీ అనేవాళ్లం. అందులో మూడు గళ్లు. పెరిగాక చేప ఎంతవుతుంది, ఎలాంటి నీళ్లు కావాలి, గుణమెలాంటిది. మొదటి గడి ఎందుకంటే నోట్లో పట్టే చేపను ఏ చేపా వదిలిపెట్టదు. రెండోది ఎందుకంటే మెత్తటి నీళ్ల చేపను మన బోరు నీళ్లలో వేస్తే వారం తిరక్కుండా తేలుతుంది. మూడోది ఎందుకో ఉమ్మడి కుటుంబంలో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు.

అమీర్‌పేట గిరాకీ పేరు లక్ష్మీనర్సయ్య గారు. సిరిసిల్ల నుంచి వచ్చి, ఒక కోచింగ్ సెంటరు పైన రెండో అంతస్తులో ఇరవై ఏళ్లుగా పెళ్లిళ్ల బ్యూరో నడుపుతున్నారు. ఫోన్లలోనే సంబంధాలు చూసుకోవడం మొదలయ్యాక ఆ మెట్లెక్కేవాళ్లు తగ్గిపోయారు. చేతిలో ఒక్క మంచి సంబంధం ఉంది. శ్రావణం రెండో ఆదివారం రెండు వైపులవాళ్లూ ఆ హాల్లోనే కూర్చుని మాట్లాడుకోబోతున్నారు. అది కుదిరితే ఆ బంధువర్గమంతా మళ్లీ ఆయన దగ్గరికి వస్తుంది. కుదరకపోతే బ్యూరోకి తాళం వేసి తమ్ముడి టైలరింగ్ షాపులో కూర్చోవడమే. ఈ సంగతి మొదటి రోజే ఆయన దాచకుండా చెప్పారు. అందుకే గోడలకు రంగు, కొత్త సోఫాలు, రెండున్నర అడుగుల తొట్టి.

తొట్టి పెట్టి నీళ్లు నింపాక, చేపల్ని నెల రోజుల దాకా వేయకూడదని ఎలా చెప్పాలా అని ఆలోచిస్తున్నాను. చేపల మలం నీళ్లలో విషమవుతుంది. దాన్ని తినే సూక్ష్మజీవులు ఫిల్టర్లో స్థిరపడటానికి అంత సమయం పడుతుంది. తొట్లు కొన్నవాళ్లలో ముప్పాతిక మంది ఈ ముక్క వినరు. నేను నోరు తెరిచేలోపే ఆయన అందుకున్నారు.

"మేడం, చేపలు మాత్రం శ్రావణంలనే. ఆషాఢంల కొత్త జంటలను ఒక్క కాడ ఉంచుతమా? చేపలైతే ఏంది, ఆనవాయితీ ఆనవాయితే."

శాస్త్రమూ సైన్సూ ఒక్కమాట మీద నిలబడటం నా ఉద్యోగంలో అదొక్కసారే చూశాను. ఆ తర్వాత మా ఇద్దరికీ ఏ మాటా కలవలేదు.

శ్రావణానికి నాలుగు రోజుల ముందు చీటీ రాయడానికి కూర్చున్నాం. అక్కడి బోరు నీళ్లు బాగా కఠినం, ఉప్పులెక్కువ; మోలీ చేపలకు మహా ఇష్టం. ఒక మగ మోలీకి మూడు ఆడవి అని రాశాను. ఈ జాతిలో మగది ఆడదాన్ని ఊపిరి తీసుకోనివ్వదు. మూడుంటే ఆ వేధింపు తలా కాస్త పంచుకుంటాయి. ఇది పుస్తకాల్లో ఉన్న లెక్కే. లక్ష్మీనర్సయ్య గారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు.

"ఒక్క మొగోనికి ముగ్గురా? మేడం, ఇది మ్యారేజ్ బ్యూరో. వచ్చినోళ్లు ఏమనుకుంటరు?"

"ఏమీ అనుకోరండీ. అవి చేపలు."

"చేపలకు లేకున్న, నాకుంటది గద ఇజ్జత్."

"అయితే అన్నీ ఆడవే పెడతాను."

"ఇదేమన్న లేడీస్ హాస్టలా? కింద గల్లీల నాలుగున్నయి, చాలవా?"

పైగా ఆడ మోలీలు ఒకసారి మగదాన్ని కలిశాక, మళ్లీ దాని మొహం చూడకుండానే నెలల తరబడి పిల్లల్ని పెడుతుంటాయని హెచ్చరించాను. హెచ్చరించడం నా విధి. ఆయన లేచి వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చారు. తర్వాత నా చీటీ తీసుకుని, మూడు గళ్ల పక్కన పెన్నుతో నాలుగో గడి గీసి, పైన "కులం" అని రాశారు. ఒక్క కులపోళ్లనే పెట్టండి, కలిసుంటరు అన్నారు. చాలా చేపలకు మొదటి శత్రువు సొంత జాతిదేనని చెప్పాను. తిండి ఒకటే, చోటు ఒకటే, చూసే ఆడది ఒకటే. పోలిక ఎక్కువైనకొద్దీ పోట్లాట ఎక్కువ. మాలో అట్ల కాదు అన్నారు. మీరు పెళ్లి దాకానే చూస్తారు, ఆ తర్వాత కోర్టులో చూడరు కదా అన్నాను. ఈ మాట అనకుండా ఉండాల్సిందని మా ఓనరు గారు తర్వాత అభిప్రాయపడ్డారు. నేను పడలేదు.

చివరికి మధ్యేమార్గం ఆలోచించాను. ఆడా మగా పైకి తేలిగ్గా తెలియని చేపలివ్వాలి. పక్కల మీద నీలిచారలుండే జీబ్రా డానియోలు ఎనిమిది, అడుగున ఇసక కెలుక్కుంటూ తిరిగే కోరీలు ఐదు. రెండూ గట్టి పిండాలు. గుంపుగా బతికేవి కాబట్టి ఆ సంఖ్య తగ్గకూడదు. కొత్తవాళ్లకు అంతకంటే క్షేమమైన చీటీ నేనెప్పుడూ రాయలేదు. శ్రావణం మొదటి రోజున వేశాను, ఒక్కటీ చావలేదు. ఆయన మాత్రం తొట్టి ముందు నిలబడి, జంట ఏది మేడం అన్నారు. ఉన్నాయండీ, మీకు కనబడవు అన్నాను.

ఆ కనబడకపోవడమే ఆయన్ని తినేసింది.

చేపలు వేశాక పదో రోజున నీళ్లు పరీక్షించి పావువంతు మార్చడం మా పద్ధతి. ఆ ఆదివారం పదకొండింటికి వెళ్లేసరికి హాల్లో అందరూ ఉన్నారు. అమ్మాయి మౌనిక, బల్కంపేటలో తండ్రి నడిపే బట్టల షాపు చూసుకుంటుంది. అబ్బాయి శ్రీకాంత్, సాఫ్ట్‌వేరు, తల్లితో వచ్చాడు. ఒకే కులం, ఒకే జిల్లా, నాలుగంగుళాల ఎత్తు తేడా, చామనఛాయకు చామనఛాయ. ఈ లెక్కలన్నీ లక్ష్మీనర్సయ్య గారు నాకు గుమ్మంలోనే వినిపించారు. తొట్టి పక్కన టేబుల్ మీద రెండు గాజు సీసాలున్నాయి. మధ్యలో అట్టముక్క. ఒక్కో సీసాలో ఒక్కో నీలం ఫైటర్ చేప. ఎర్రగడ్డ రోడ్డు పక్కన అమ్మేవాడి దగ్గర పొద్దున్నే కొన్నారట.

"ఒక్కటే రంగు, ఒక్కటే సైజు, ఒక్కటే జాతి మేడం. గీ పొడుగు తోకది పెండ్లికొడుకు. పొట్టి తోకది పెండ్లిపిల్ల."

వంగి చూశాను. ఆడ ఫైటర్‌కు పొట్ట కింద ఆవగింజంత తెల్ల చుక్క ఉంటుంది. పొట్టి తోకదానికి లేదు. పొట్టి తోకతోనే పుట్టే మగ ఫైటర్లుంటాయి. అమ్మేవాడికి తెలియకపోవచ్చు, తెలిసీ చెప్పకపోవచ్చు. వీటిని కలపొద్దని ఆయన చెవిలో చెప్పాను. చెవిలోనే. "జర ఆగుండ్రి మేడం, ముహూర్తం దాటుతది" అని ఆయన రెండు సీసాలూ ఒకేసారి తొట్టిలో వంచేశారు.

అర నిమిషం రెండూ ఒకదాన్నొకటి చూసుకున్నాయి. తర్వాత పొట్టి తోకది మొప్పలు విప్పి గడ్డంలా నిలబెట్టి, వెళ్లి పొడుగు తోకను పట్టుకుంది. నీలం పీలికలు నీళ్లలో తేలాయి. నా డానియోలు ఎనిమిదీ ఒక మూలకు చేరాయి, పక్కింటి గొడవ చూసేవాళ్లలాగా.

"అయ్యో, గా పోరి పోరన్ని కొడ్తున్నది గద!" అంది శ్రీకాంత్ వాళ్లమ్మ.

"మా తరఫు ఆడపిల్లలు గట్లనే ఉంటరమ్మా" అన్నాడు మౌనిక తండ్రి, మీసం సవరించుకుంటూ.

శ్రీకాంత్ తన చొక్కా అంచు ఎందుకో సర్దుకున్నాడు. అప్పుడు లక్ష్మీనర్సయ్య గారు చేతులు జోడించి, "కొత్తల అంతే వదినా. మా ఇంట్ల ముప్పై ఏండ్ల సంది గిదే నడుస్తున్నది, ఫికర్ చెయ్యకుండ్రి" అన్నారు. హాలంతా నవ్వింది. ఇరవై ఏళ్ల అనుభవం ఊరికే పోదు. నేను మోచేతి దాకా తడుపుకుని, చిన్న వలతో పొడుగు తోకదాన్ని పట్టి సీసాలో వేసి, పక్కనే నిలబడి చూస్తున్న మౌనిక చేతికిచ్చాను. పొట్టి తోకది తొట్టిలో విజయయాత్ర చేస్తోంది. శ్రీకాంత్ వాళ్లమ్మ, పిల్ల మాకు నచ్చింది అంది. తాంబూలం పళ్లెం లోపల్నుంచి బయల్దేరింది.

మా షాపువాళ్లు గమనించాల్సింది ఇక్కడే. చేపలు కొట్టుకోవడమైంది, విడదీయడమూ అయింది. సంబంధం నిక్షేపంగా ఉంది.

అప్పుడు మౌనిక, అందరికీ వినబడేలా, "మేడం, గీ రెండిట్ల ఆడిది ఏది?" అని అడిగింది.

నా సబ్జెక్టులో నలుగురి ముందు ప్రశ్న అడిగితే నేను జవాబు చెబుతాను. "ఏదీ కాదమ్మా. రెండూ మగవే" అన్నాను. తెల్ల చుక్క ఎక్కడుండాలో చూపించాను. మొప్పల గడ్డం చూపించాను. నిజంగా ఆడదైనా ఇలా కలపకూడదని, ఎవరూ అడక్కపోయినా, చెప్పాను.

తాంబూలం పళ్లెం నిలబడిపోయింది. మౌనిక తండ్రి మెల్లగా తిరిగాడు.

"అన్నా, ఆడిదో మొగదో సూస్కోకుండనే కలిపినవా?"

"చేపలు గదనే..."

"మా బిడ్డ ఫైలు సుత గిట్లనే సూసినవా?"

శ్రీకాంత్ వాళ్లమ్మకీ ఆ మాట నచ్చింది. ఆ హాల్లో రెండు వైపులవాళ్లూ నిజంగా ఏకాభిప్రాయానికి వచ్చింది ఆ క్షణంలోనే. జాతకాలు ఇంకెక్కడైనా చూపిస్తామని ఇద్దరూ ఫైళ్లు అడిగి తీసుకున్నారు. ఇంటికి పోయి ఫోన్ చేస్తామన్నారు. ఆ వృత్తిలో ఆ మాటకు అర్థం వద్దనే.

"ఒక్క నిమిషం ఆగితే అయిపోతుండె గద మేడం" అన్నారు లక్ష్మీనర్సయ్య గారు, ఖాళీ సోఫాలో కూర్చుని. మీరు పది నిమిషాల ముందు ఆగితే అసలు మొదలయ్యేదే కాదు అన్నాను. ఆయన తిట్టలేదు. తిడితే నాకు సులువుగా ఉండేది. దసరాకు బ్యూరో మూతపడింది. తొట్టీ డానియోలూ కోరీలూ షాపుకి తిరిగొచ్చాయి, పదమూడుకి పదమూడూ బతికే. ఆయన ఇప్పుడు తమ్ముడి షాపులో కొలతలు రాసుకుంటున్నారు. టేపుతో చూసేవి కాబట్టి అవి సరిగ్గానే ఉంటాయనుకుంటాను.

ఆ పని నుంచి నేర్చుకున్నవి రెండు. ఇద్దరికీ అన్నీ ఒకటే అయితే పొంతన కుదిరినట్టు కాదని తెలిస్తే చాలదు, గిరాకీకి పట్టేలా చెప్పాలి; నాకది రాలేదు. రెండోది, బయట కొన్న చేపలు వేస్తే మా పూచీ లేదని చీటీ అడుగున అచ్చు వేయించాలి. వేయించాను. పోయినేడు మోకాళ్లు సహకరించక ఉద్యోగం మానేసేదాకా ఆ వాక్యం కింద సంతకం పెట్టాను.

ఒక్కటి మాత్రం తేలలేదు. ఫైటర్ చేప ఎగిరి దూకుతుంది. సీసా మూతి తెరిచి ఉంచకూడదు. ఈ సంగతి ఇంట్లో ఫైటర్లను పెంచినవాళ్లకు తప్ప మామూలువాళ్లకు తెలియదు. నేను సీసా ఇవ్వగానే మౌనిక, ఎవరూ చెప్పకుండానే, అరచేతితో మూతి మూసింది. ఫైటర్లను పెంచిన మనిషికి ఆ మొప్పల గడ్డం చూడగానే మగదని తెలిసిపోతుంది. మరి ఆ అమ్మాయి సరిగ్గా తాంబూలం బయల్దేరినప్పుడే నన్ను ఆ ప్రశ్న ఎందుకడిగింది? తెలియక అడిగిందా, నేను చెప్పకుండా ఉండలేనని తెలిసి అడిగిందా?