ఐదుసార్లు అనిపించిన మాట

నిన్న మా మనవరాలు, ఫ్రెంచి టీచరు కావాలని చదువుతున్న పిల్ల, పరీక్ష పాఠం అప్పజెబుతాను, పుస్తకం పట్టుకుని వినమంది. పరభాష నేర్చుకునేవాడు చేసే తప్పు జబ్బు కాదట, ఆ భాష వాడిలో మొలకెత్తుతోందనడానికి గుర్తట, కనుక టీచరు తొందరపడి ప్రతి తప్పునూ దిద్దకూడదట. ఈ సంగతి ఏ సిద్ధాంతమూ చదవని మా లెక్కల సారు నలభై ఎనిమిదిలోనే వికారాబాదులో నాకు చెప్పారు. దాన్ని మరిచి, ఆయనకే అన్యాయం చేసినవాణ్ని నేను.

అప్పటి బడి మన ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఇంట్లో తెలుగు, బడిలో అంతా ఉర్దూ. ఏడేళ్ళ నేను ఆ భాషలో ఏది ఆడో ఏది మగో తెలియక కుర్చీనీ పుస్తకాన్నీ మగవాళ్ళను చేసి మాట్లాడితే తరగతంతా నవ్వేది. సారు మాత్రం సాయంత్రాలు ఇంటికి పిలిచి, తన చిన్న కూతురి పక్కన చాప మీద కూర్చోబెట్టి, మా ఇద్దరికీ ఒకే పళ్ళెంలో సేమియా పెట్టించి, నా వంకర ఉర్దూను ఓపికగా వినేవారు. తనకు వచ్చిన నాలుగు తెలుగు ముక్కల్లో ధైర్యం చెప్పేవారు.

"తప్పైతే ఫికర్ లేదు బేటా. ముందు నోరు తెరువు, సహీ మాట దాని ఎన్క అదే వస్తది."

పదిహేనేళ్ళ తర్వాత నేను తాండూరు హైస్కూల్లో ఇంగ్లీషు టీచరుగా చేరేసరికి ఆయనా అక్కడే ఉన్నారు. బడి తెలుగులోకి మారిపోయింది, తెలుగు పరీక్ష పాసు కాకపోతే ఉద్యోగం కష్టమని పైనుంచి కాగితం వచ్చింది, ఇంట్లో చూస్తే నాతో ఒకే పళ్ళెంలో తిన్న ఆ కూతురు పెండ్లీడుకొచ్చింది. నేర్పమని నన్నే అడిగారు. నేనేమో అప్పుడే హైదరాబాదులో శిక్షణ ముగించుకుని, కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు ఉన్నాను. భాషంటే అలవాటు, తప్పులన్నీ సొంత భాషలోంచి చొరబడతాయి, దొరికినచోటే పట్టి దిద్ది ఐదుసార్లు అనిపించకపోతే పాతుకుపోతాయి అని మాకు నూరిపోశారు.

బడి వదిలాక నాపరాళ్ళ వరండాలో పాఠం సాగేది. మా అమ్మ వచ్చిండు అనేవారు సారు, ఆపి, వచ్చింది అని ఐదుసార్లు అనిపించేవాణ్ని. యాభై ఏళ్ళ మనిషి, ఆడుకుంటున్న పిల్లలు వింటున్నా తలవంచుకుని అనేవారు. గుడ్డొచ్చి పిల్లను వెక్కిరించడమంటే అదేనని నాకు తోచలేదు. రానురాను ఆయన మాటలు పొట్టివైపోతుంటే, తప్పులు తగ్గుతున్నాయని మురిసిపోయాను.

ఒకరోజు ముఖమంతా సంతోషంతో వచ్చి, కూర్చోకుండానే చెప్పారు.

"మన బిడ్డ పెండ్లి ఖాయమైంది. నువ్వు ముందుండి చెయ్యాలె."

ఉర్దూలో మేమైనా మనమైనా 'హమ్' ఒక్కటే కదా, అందుకే మన, మా తేడా తెలియలేదని నా శిక్షణ చెవిలో చెప్పింది. మన అంటే వినేవాడు కూడా కలుస్తాడు సార్, మీ బిడ్డ కనుక మా అనాలె అని, ఐదుసార్లు అనమన్నాను. ఆయన కూర్చుని కలం తీశారు. మా బిడ్డ అని ఐదుసార్లూ అని, కలానికి మూత పెట్టుకున్నారు.

పరీక్ష గట్టెక్కారు, ఉద్యోగం నిలిచింది. పెళ్ళి పిలుపు ఒక్క తప్పూ లేని తెలుగులో వచ్చింది, మా కుమార్తె వివాహానికి తమరు దయచేయవలెనని. వెళ్తే అతిథుల వరసలో కుర్చీ వేయించి మర్యాద చేశారు. బేటా అని మళ్ళీ పిలవలేదు.

సారు పోయిన చాలా ఏళ్ళకు, వికారాబాదు స్టేషన్లో ఒక ముసలమ్మ తన తోడు వచ్చినామెతో, చలో, అపన్ జాయేంగే అంటుంటే విని అక్కడే నిలబడిపోయాను. పుస్తకాల ఉర్దూ సంగతి ఎలా ఉన్నా, మన వైపు ఇళ్ళలో మాట్లాడే ఉర్దూలో హమ్ అంటే మేము, అపన్ అంటే మనం. చాప మీద కూర్చున్న రోజుల్లో సారు నోట లెక్కలేనన్నిసార్లు విన్నదే. ఆయనకు తేడా తెలుసు. తెలిసే మన అన్నారు.

సిద్ధాంతాలు మారాయి, మంచిదే, ఇకమీదట నాలాంటి వాళ్ళ చేతిలో పడి ఎవరి నోరూ మూతపడదేమో. ఆ బిడ్డకిప్పుడు మనవలు ఉండి ఉంటారు, ఎక్కడుందో నాకు తెలియదు. వెతుక్కుంటూ వెళ్ళి పలకరించే చనువు నాకు ఆ ఒక్క మాటే ఇచ్చింది. దాన్ని నేనే దిద్దేశాను.